చేపల తొట్టెలో సురేకారం

నీళ్ళు మంచివో కావో తేల్చడానికి మన పెద్దవాళ్ళకు ఒకటే పరీక్ష ఉండేది: తేటగా ఉన్నాయా, లేదా? వానాకాలంలో ఏటి నుంచి బురదనీళ్ళు తెచ్చుకున్నప్పుడు చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేవారు. పూట తిరిగేసరికి మడ్డి అంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు అద్దంలా తేరుకునేవి. ఆ గింజనే సంస్కృతంలో కతకమన్నారు. అజ్ఞానం తొలగి ఆత్మ నిర్మలం కావడాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు వేదాంతులు కూడా ఆ గింజనే ఉపమానంగా తెచ్చుకున్నారు. అంతెందుకు, మంచి భాషను మెచ్చుకోవలసి వచ్చినా మనం 'తేట తెలుగు' అనే అంటాం. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక ఆ మాట మీద నాకు మమకారం లేకపోలేదు. అయినా ఈ వారం ఆ మాటతోనే పేచీ పెట్టుకోక తప్పడం లేదు. ఎందుకంటే, మన ఇళ్ళల్లో ముచ్చటపడి పెంచుకునే చేపలు బురదనీళ్ళలో చావడం లేదు. అద్దంలాంటి తేటనీళ్ళలో చస్తున్నాయి.

ఆ కథ సాధారణంగా ఇలా నడుస్తుంది. పిల్లవాడి పుట్టినరోజుకో, పరీక్ష ప్యాసయినందుకో రెండడుగుల గాజు తొట్టె ఒకటి ఇంటికి వస్తుంది. అడుగున రంగురాళ్ళు, మధ్యన నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి, మూలన గాలి పంపు. అదే సాయంత్రం నీళ్ళు నింపి, అదే సాయంత్రం ఆరు బంగారు చేపలను వదిలేస్తారు. ఇల్లు అలకగానే పండగ అయిపోతుందన్నమాట. మొదటి వారం ఇంటిల్లిపాదీ తొట్టె ముందే. తలా ఒక చిటికెడు మేత వేస్తారు. రెండో వారంలో చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. పాపం ఆకలేస్తోందనుకుని పిల్లలు మరో చిటికెడు వేస్తారు. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున వెల్లకిలా తేలతాయి. అంగడివాడు రోగిష్టి చేపలను అంటగట్టాడని నాన్నగారు, పక్కింటివాళ్ళ దిష్టి తగిలిందని బామ్మగారు, ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. నీళ్ళ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. తేటగానే ఉన్నాయి గదా!

తెలుగు మాస్టారికి ఈ రసాయనాల గొడవ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. మా ఇంట్లో పద్నాలుగేళ్ళుగా రెండు తొట్టెలున్నాయి. ఆ అధికారం చాలుననుకుంటాను. మిగిలిన సందేహాలు తీర్చడానికి మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు పక్క గదిలోనే ఉంటాడు.

అసలు జరిగేదేమిటంటే, తిన్న మేతలోని మాంసకృత్తులు ఒంటికి పట్టగా మిగిలిన నత్రజనిని చేప చాలావరకు మొప్పల గుండానే అమ్మోనియా రూపంలో నీళ్ళలోకి వదిలేస్తుంది. అమ్మోనియా మనకు కొత్తదేమీ కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు నవసాగరం చల్లినప్పుడు గుప్పున లేచి ముక్కుపుటాలు అదరగొట్టే పొగ ఆ సంతతిదే. పశువుల కొట్టంలో తెల్లవారుజామున కళ్ళు మండించేదీ అదే. అయితే చేప మొప్పలను పాడుచేయడానికి అంత ఘాటు అక్కర్లేదు. లీటరు నీటికి ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు. అంత కొద్దిపాటిది మన ముక్కుకు తెలియదు, కంటికి కనపడదు. నీళ్ళు కాస్త క్షారగుణం కలవైతే, అందులోనూ మన ఎండల వేడి తోడైతే, దాని విషం మరింత హెచ్చుతుంది.

మరి ఏళ్ళ తరబడి చేపలు హాయిగా బతికే తొట్టెలు కూడా ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి. వాటిలో మనం డబ్బిచ్చి కొనని జీవకోటి ఒకటి కాపురం ఉంటుంది. రాళ్ళ మీద, వడపోత స్పాంజిలో, గాజు పలకల మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు చేరతాయి. వాటిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. పేర్లలో తేడా ఒక్క ఐత్వం, ఏత్వం మాత్రమే గాని గుణంలో తేడా చాలా ఉంది. నైట్రైటు పచ్చి విషం. అది మొప్పల గుండా చేప రక్తంలో దిగి, ప్రాణవాయువును మోసే ఎర్రటి పదార్థాన్ని చెడగొడుతుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్ళలో గాలి ఉన్నా చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరుస్తుంది. పిల్లలు ఆకలి అనుకున్నది దీన్నే. ఈ గోధుమ రక్తం సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. ముందు ముందు దానితో పని ఉంది.

ఈ రెండు తెగలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టెలో రెండో వారం చావులకు కారణం ఇంతే. ఇల్లు కట్టారు, అతిథులను పిలిచారు, పనివాళ్ళు ఇంకా రాలేదు.

ఈ శాస్త్రం వెనక ఒక తండ్రీకొడుకుల ముచ్చట ఉంది. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను, కొన్ని నత్తలను కలిపి పెట్టి, మొక్కలూ జంతువులూ ఒకదాన్నొకటి ఎలా పోషించుకుంటాయో అక్కడి కెమికల్ సొసైటీకి విన్నవించాడు. ఇళ్ళల్లో చేపల తొట్టెల సరదాకు పునాది వేసినవాళ్ళలో ఆయన ఒకడు. మూడేళ్ళకే, 1853లో, లండను జంతుప్రదర్శనశాలలో చేపల కోసం ప్రత్యేకంగా ఒక భవనం తెరిచారు. ఆయన కొడుకు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. ఇతను రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో చేరి, పొలం మట్టిలో ఎరువు నైట్రేటుగా ఎలా మారుతుందన్న చిక్కు పట్టుకున్నాడు. ఆ పని చేసేది సూక్ష్మజీవులేనని 1877లో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు చూపించారు. అది ఒక తెగ పని కాదు, రెండు మెట్లలో రెండు తెగల పని అని చిన్న వారింగ్టన్ తేల్చాడు. ఆ జీవులను విడదీసి పట్టుకోవడం మాత్రం అతనివల్ల కాలేదు. 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యనుకు ఆ యశస్సు దక్కింది. తండ్రి తొట్టెకు తాళంచెవి కొడుకు వెతికిన పొలంలో దొరికిందన్నమాట. అతను వెతికింది చేపల కోసం కాదు, గోధుమల కోసం. అయితేనేం!

ఇందులో ఇంకో చిన్న మలుపు కూడా ఉంది. రెండో మెట్టు పని నైట్రోబాక్టర్ అనే జీవిదని వంద సంవత్సరాలు అందరూ పాఠాలు చెప్పారు. 1998లో పరీక్షగా చూస్తే తొట్టెలలో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే జీవి అని తేలింది. కాబట్టి సైన్సు మాస్టార్లు కూడా అప్పుడప్పుడు పాత నోట్సు చింపవలసి వస్తుంది. ఈ మాట చదివి మా తెలుగు డిపార్టుమెంటువాళ్ళు సంతోషిస్తారు.

మా బావమరిది కొడుకు ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. శుభ్రత అంటే ప్రాణం. ప్రతి ఆదివారం తొట్టెలో నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళను కుళాయి కింద గలగలా కడిగి, స్పాంజిని పిండి పిండి తెల్లబరిచి, మళ్ళీ నిండుగా కొత్త నీళ్ళు పోసేవాడు. బుధవారానికల్లా ఒక చేప పోయేది.

"ఇంత శుభ్రంగా ఉంచుతున్నా ఎందుకు చస్తున్నాయి మామయ్యా?" అని ఒకరోజు దాదాపు ఏడుపు మొహంతో వచ్చాడు.

"ఒరే అబ్బాయ్, ఇల్లు ఊడ్చేవాళ్ళను వారం వారం మెడపట్టి గెంటేస్తున్నావు. ఇంక ఇల్లు ఎవరు ఊడుస్తార్రా?" అన్నాను.

కుళాయి నీటిలో సూక్ష్మజీవులను చంపడానికే క్లోరిన్ కలుపుతారు. అది మంచి జీవి, చెడ్డ జీవి అని చూడదు. కనుక స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. తొట్టెలోంచి తోడిన పాతనీళ్ళను బకెట్టులో పోసి, అందులో రెండుసార్లు ముంచి పిండితే చాలు. అది తెల్లబడనక్కర్లేదు. రాళ్ళను కడగవద్దు, మధ్యనున్న చెత్తను సన్నటి గొట్టంతో పీల్చి తీసేయాలి. కొత్తగా పోసే కుళాయి నీళ్ళను వెడల్పాటి బకెట్టులో ఒక రాత్రి నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే వెనకటి ఫోటో స్టూడియోలలో వాడిన హైపో ఉంది చూశారూ, ఆ పలుకులే ఒకటి రెండు బకెట్టుకు వేసి కలిపితే క్లోరిన్ విరిగిపోతుంది. ఆ కుర్రవాడు ఇప్పుడు ఆదివారాలు క్రికెట్టు ఆడుకుంటున్నాడు. చేపలు బతికే ఉన్నాయి.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండును. కాని ఆ రెండు తెగలూ శ్రమపడి తయారుచేసిన నైట్రేటు ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. తొట్టెలోనే ఉంటుంది.

ఈ నైట్రేటు కూడా మనకు పరాయిది కాదు. దీని లవణం ఒకటి మన నిఘంటువులో సురేకారమనీ, పెట్లుప్పు అనీ ఉంది. టపాకాయలలో, తుపాకిమందులో వేసేది. పశువుల మూత్రం ఇంకిన కొట్టపు మట్టిలో, పాతగోడల అడుగున తెల్లగా పూసే ఉప్పులో అది ఉంటుంది. వెనకటి రోజులలో బీహారు పల్లెలలో అటువంటి మట్టిని గోకి, కరిగించి, కాచి సురేకారం తీసేవారు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు దాన్ని ఓడలకెత్తి యూరప్ యుద్ధాలకు పంపారు. కొట్టం మట్టిలో జరిగినదే చేపల తొట్టెలోనూ జరుగుతుంది. మీ డ్రాయింగు రూములో మీకు తెలియకుండా ఒక చిన్న సురేకారపు బట్టీ నడుస్తున్నదన్నమాట.

నైట్రేటు నైట్రైటులాగా ఒక్కరోజులో చంపదు. లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే చేపకు ఏ బాధా లేదు. 40 వరకూ గట్టి జాతులు సర్దుకుంటాయి. ఆ పైన నెలల తరబడి ఉంటే చేప మేత మీద ఆసక్తి తగ్గుతుంది, పిల్లలు ఎదగవు, చిన్న జబ్బుకే లొంగిపోతాయి, తొట్టె అంతా పాచి పడుతుంది. వడపోత యంత్రం ఎంత ఖరీదుదైనా మామూలుగా దీన్ని తీయలేదు. ఆవిరైన మేరకు పైన ఇంకాసిని నీళ్ళు పోయడం కూడా నీళ్ళు మార్చడం కిందికి రాదు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, కరిగినదంతా కిందనే మిగులుతుంది. పాయసం చిక్కబడ్డట్టు తొట్టె చిక్కబడుతుంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. లెక్క అంటే భయపడేవారు ఇది అప్పు లెక్క అనుకోండి, అది అందరికీ వస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. నూటికి 40 పాళ్ళు మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే, చేప ఒంటికి కొంత పట్టగా మిగిలింది లీటరుకు ఇంచుమించు 4 మిల్లీగ్రాముల నైట్రేటు అవుతుంది. వారానికి రెండున్నర గ్రాముల మేత అంటే 10 మిల్లీగ్రాములు. ఇది వారం వారం పెరిగే అప్పు. మీరు వారానికి పావువంతు నీళ్ళు మారిస్తే, ఉన్న అప్పులో పావువంతు తీర్చినట్టు. అలా కొన్ని నెలలు నడిస్తే, నీళ్ళు మార్చబోయే ముందు ఎప్పుడు చూసినా 40 దగ్గర నిలుస్తుంది. వారానికి సగం మారిస్తే 20 దగ్గర నిలుస్తుంది. మేత సగానికి తగ్గించి పావువంతే మార్చినా అదే 20. మేత తగ్గించడంలో ఖర్చూ లేదు, బకెట్లు మోసే పనీ లేదు. అయినా ఎవరూ ఆ పని చేయరు. పెట్టే చేతికి అడ్డం పడటం మన ఇళ్ళల్లో అంత తేలిక కాదు.

మొక్కలు కూడా ఈ అప్పులో కొంత తీరుస్తాయి. పెద్ద వారింగ్టన్ వాలిస్నేరియా ఊరికే పెట్టలేదు. నీటి మొక్కలు పెంచే ఓపిక లేనివాళ్ళు, కిటికీలో పాకించుకునే మనీప్లాంటు తీగ ముక్కనొకదాన్ని తెచ్చి, ఆకులు పైన, వేళ్ళు మాత్రం నీటిలో ఉండేట్టు అంచుకు కట్టినా సరే. నైట్రేటు దానికి ఎరువు.

ఒక హెచ్చరిక. ఏడాదిపాటు నీళ్ళు మార్చని తొట్టె మీ ఇంట్లో ఉంటే, ఇది చదివిన ఉత్సాహంలో ఒక్కసారిగా నీళ్ళన్నీ మార్చేయకండి. పాత తొట్టెలో నీళ్ళు క్రమంగా ఆమ్లగుణానికి దిగి ఉంటాయి. ఆ గుణంలో అమ్మోనియా కోరలు పీకిన పాములా పడి ఉంటుంది. క్షారగుణం గల బోరు నీళ్ళు ఒక్కసారి నిండుగా పోస్తే దానికి మళ్ళీ కోరలు మొలుస్తాయి. 'నీళ్ళు మార్చిన రోజే చచ్చాయండీ' అని వాపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. రోజు విడిచి రోజు పదోవంతు చొప్పున రెండు వారాలు మార్చండి.

ఇంతవరకు చేపల గొడవ. అసలు ఈ సంగతి రాయాలనిపించడానికి కారణం మా కింది వాటాలోని పిన్నిగారి ఇల్లు.

ఆవిడ మనవడికి తొమ్మిదేళ్ళు. వాడి తొట్టెలో చేపలు మందకొడిగా ఉన్నాయంటే కిందటి వేసవిలో పరీక్షమందు తీసుకుని వెళ్ళాను. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు తీసి, మందు చుక్కలు వేసి ఊపితే రంగు వస్తుంది. పసుపు అయితే మంచిది, ఎరుపు ముదిరినకొద్దీ నైట్రేటు ఎక్కువ. తొట్టె నీళ్ళు 80 చూపించాయి. సగం నీళ్ళు మార్చమన్నాను. వాడు శ్రద్ధగా మార్చాడు. మర్నాడు చూస్తే రంగు ఇంచుమించు అలాగే ఉంది. మందు చెడిపోయిందేమోనని మా ఇంటి తొట్టెలో చూశాను, బాగానే పనిచేస్తోంది.

"నీళ్ళు ఎక్కడివి పోశావురా?" అన్నాను.

"బోరువి మామయ్యగారూ. కుళాయి రావడం లేదుగా."

మా ఊరు కృష్ణ కాలవ మీద బతికే ఊరు. వేసవిలో కాలవ కట్టేస్తే మునిసిపాలిటీ కుళాయి రెండు రోజులకొకసారి గంటసేపు వస్తుంది. మిగతా వేళల్లో అందరికీ పెరటి బోరే గతి. ఆ బోరు నీళ్ళనే గొట్టంలో పట్టి మందు వేశాను. 40కీ 80కీ నడిమి రంగు వచ్చింది. అంటే తొట్టెలోకి పోస్తున్నదే సురేకారపు నీరు. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసినట్టు. ఇంక ఎన్ని బకెట్లు మోస్తే మాత్రం ఏం లాభం?

అప్పుడు లోపలి గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. పిన్నిగారి అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. పాపకు రెండున్నర నెలలు. తల్లికి పాలు చాలక డబ్బాపాలు పడుతున్నారు.

"పిన్నిగారూ, పాప పాలలోకి ఏ నీళ్ళు కలుపుతున్నారు?"

"ఈ బోరువే నాయనా. కొబ్బరినీళ్ళలా ఉంటాయి. అయినా ఊరికే పోస్తామా? ఇరవై నిమిషాలు తెర్లకాచి, గుడ్డ కట్టి వడబోసి, చల్లార్చి పోస్తున్నాను," అన్నారావిడ. ఆ జాగ్రత్త చూసి ఎవరైనా దణ్ణం పెట్టవలసిందే.

చెప్పడం నాకు కష్టమైంది. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నైట్రేటు చావదు. అది జీవి కాదు, ఉప్పు. నీరు ఆవిరైనకొద్దీ అది చిక్కబడుతుంది. మర్నాడు మా లెక్చరరు మిత్రుడు సీసాలో ఆ నీళ్ళు పట్టి ప్రయోగశాలకు పంపించాడు. లీటరుకు 62 మిల్లీగ్రాములని వచ్చింది. లీటరు నీళ్ళను కాచి ముప్పావు లీటరు చేస్తే ఆ 62 కాస్తా 83 దగ్గరికి పోతుంది. తాగే నీటిలో 45 దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 50 అంది. అమెరికావాళ్ళు 10 అంటారు గాని అది నైట్రేటులోని నత్రజనిని మాత్రమే తూచిన లెక్క. దాన్ని నాలుగున్నరతో హెచ్చవేస్తే మన అంకె దగ్గరికే వస్తుంది. పరీక్షమందు పెట్టె మీద ఏ లెక్కలో వేశారో చూసుకోవాలి, లేకపోతే పెద్ద పొరపాటు జరుగుతుంది.

ఆ 45 ఊరికే పెట్టిన హద్దు కాదు. 1945లో అమెరికాలో అయోవా రాష్ట్రపు వైద్యుడు హంటర్ కామ్లీ పసిపిల్లల వింత జబ్బును గురించి రాశాడు. పల్లెటూళ్ళలో నూతినీటితో కలిపిన పాలు తాగే నెలల పిల్లలు నీలంగా మారిపోతున్నారు. ఆసుపత్రికి తెస్తే నయమవుతుంది, ఇంటికి పోతే మళ్ళీ నీలం. గుండెజబ్బు కాదు, ఊపిరితిత్తుల జబ్బు కాదు. నూతినీటిలో నైట్రేటు. పసిపిల్లల కడుపులో ఆమ్లం తక్కువ గనుక అక్కడ చేరిన సూక్ష్మజీవులు నైట్రేటును మళ్ళీ నైట్రైటుగా మార్చేస్తాయి. అది రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే పదార్థాన్ని చెడగొడుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న చేప రక్తం ఇదే. చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది, పాప పెదవులూ గోళ్ళూ నీలమవుతాయి. జబ్బు ఒకటే. ఆరు నెలల లోపు పిల్లలకే ఈ ప్రమాదం ముఖ్యంగా ఉంటుంది. విరేచనాలు కూడా తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు ఈ భయం దాదాపు లేదు, తల్లి తాగిన నీటిలోని నైట్రేటు పాలలోకి అంతగా దిగదు.

పిన్నిగారి మనవరాలికి ఏమీ కాలేదు. డాక్టరుగారు చూసి బాగానే ఉందన్నారు. నీళ్ళు మాత్రం ఆ రోజే మార్చమన్నారు. ఆ సాయంత్రమే కుళాయి నీళ్ళలో మందు వేసి చూస్తే పసుపు రంగు పెద్దగా మారలేదు. కృష్ణ నీళ్ళు మంచివే. బోరు ఎందుకు చెడిందంటే, దానికి ఇరవై అడుగుల దూరంలో మరుగుదొడ్డి గొయ్యి ఉంది. ఆ పక్క నాలుగు గేదెలున్న పాక ఉంది. ఊరి చివర పొలాల్లో యూరియా సంగతి వేరే చెప్పాలా? ఈ పరిస్థితి మా పెరడుకే ప్రత్యేకం కాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశమంతటా తీసిన నమూనాలలో ఇంచుమించు అయిదింట ఒకటి 45 దాటింది. తెలంగాణలో నాలుగోవంతుకు కాస్త పైన, ఆంధ్రలో కాస్త తక్కువ.

అందుచేత బోరు నీళ్ళు తాగే ఇళ్ళల్లో నెలల బిడ్డ ఉంటే ఒక్కసారి పరీక్ష చేయించండి. తేట చూసి, రుచి చూసి మోసపోకండి, నైట్రేటుకు రంగూ లేదు, రుచీ లేదు. చిల్లగింజ దీన్ని దించలేదు. గుడ్డ వడపోత, కొవ్వొత్తుల ఫిల్టరు, నీలిదీపం మిషను ఏవీ తీయలేవు. ఆర్‌వో మిషను సరిగా పనిచేస్తుంటే చాలావరకు తీస్తుంది. లేదా నైట్రేటు తక్కువున్న వేరే నీళ్ళు తెచ్చుకోవాలి.

పిన్నిగారింట్లో ఇప్పుడు ఏర్పాటు ఇలా ఉంది. కుళాయి వచ్చిన గంటలో తాగడానికి రెండు బిందెలు, చేపలకు ఒక బకెట్టు పట్టి పక్కన పెడతారు. తొట్టె 30 దగ్గరికి దిగింది. తోడిన పాతనీళ్ళు మనవడు మేడమీదికి తెచ్చి మా ఆవిడ కరివేపాకు కుండీలో పోసి పోతాడు. ఆ మొక్కకు ఈ ఏడు ఆకు బాగా వచ్చింది. పాపకు పోసే కుళాయి నీళ్ళను పిన్నిగారు ఇప్పటికీ తెర్లకాచే పోస్తున్నారు. అది మానమని నేను చెప్పలేదు. కాలవ నీటికి కాచడం అవసరమే.